తీర గ్రామాల దొరువులు – ఉప్పునీటి ముప్పు
(ప్రత్యేక వ్యాసం)

బాపట్ల, చీరాల, వేటపాలెం పరిసరాల సముద్రతీర ఇసుక నేలలలో పెరటిలో కొన్ని అడుగులు తవ్వితే చాలు, నీరు ఊరుతుంది. ఇలా ఏర్పడిన నీటి గుంటను స్థానికంగా ‘దొరువు’ అంటారు. కాలువ నీరు అందని చోట్ల నారుమళ్లు, కూరగాయలు, పూలతోటలు తరతరాలుగా దొరువు నీటిపైనే ఆధారపడ్డాయి. రైతులు గుంటలోకి దిగి కుండలతో నీరు ముంచి మొక్కలకు పోసేవారు. ఆ స్థానంలో బోర్లు, విద్యుత్ మోటార్లు వచ్చిన నేపథ్యంలో ఈ వనరు మనుగడను పరిశీలించవలసిన అవసరం ఏర్పడింది.

నీటి పొర స్వభావం

దొరువులో ఊరేది వర్షపు నీరే. నైరుతి, ఈశాన్య రుతుపవనాల వానలు ఇసుకలో త్వరగా ఇంకి, భూగర్భంలోని ఉప్పునీటిపై పలుచని మంచినీటి పొరగా నిలుస్తాయి. మంచినీటి కంటే సముద్రపు నీరు సుమారు 2.5 శాతం బరువైనది కావడమే ఇందుకు కారణం. ఘైబెన్–హెర్జ్‌బర్గ్ సూత్రం ప్రకారం సముద్ర మట్టానికి ఎగువన 1 మీటరు మంచినీరు ఉంటే, దిగువన సుమారు 40 మీటర్ల వరకు మంచినీరు ఉండాలి. తోడకం వల్ల పై మట్టం 10 సెంటీమీటర్లు తగ్గితే, కింది ఉప్పునీరు కాలక్రమేణా 4 మీటర్లు పైకి వస్తుందని దీని అర్థం. బంకమట్టి పొరలు, నీటి కలయిక వంటి కారణాల వల్ల క్షేత్రస్థాయిలో ఈ లెక్క కొంత మారవచ్చు.

కుండతో తోడినప్పుడు పై పొర నెమ్మదిగా తగ్గి తిరిగి ఊరుతుంది. లోతైన బోరు నుంచి మోటారు ఒకే చోట వేగంగా తోడితే ఉప్పునీరు శంకువు ఆకారంలో పైకి ఎగబాకుతుంది. ఒకసారి ఉప్పుబారిన పొర తిరిగి తేరుకోవడానికి పలు వర్షాకాలాలు పట్టవచ్చు. ఆ నష్టం మోటారు పెట్టిన రైతుతో ఆగక, పొరుగు పెరళ్లకూ పాకుతుంది.

మెరుగుపరచిన దొరువు

బాపట్లలోని ఉప్పునీటి పరిశోధన కేంద్రం ఈ సమస్యకు అనువైన పద్ధతిని రూపొందించింది. నీటి మట్టానికి కొద్ది దిగువన, వల చుట్టిన రంధ్రాల గొట్టాలను అడ్డంగా పరచి, వాటిని మధ్యలోని బావికి కలుపుతారు. విశాలమైన మేర నుంచి నీరు కొద్దికొద్దిగా చేరడం వల్ల ఉప్పునీరు పైకి రాదు. ఈ నీటిని బిందు, తుంపర సేద్యానికి వాడినప్పుడు ప్రయోజనం అధికం.

పెరటిలో సాధారణ దొరువు తవ్వుకునేవారు లోతుకు పోక వెడల్పు పెంచుకోవాలి. ఇసుక కూలకుండా గట్లను వాలుగా చెక్కి, పిల్లలు, పశువులు పడకుండా కంచె వేయాలి. మరుగుదొడ్డి గుంతకు దూరంగా ఉండాలి. పరీక్షించనిదే ఈ నీటిని తాగరాదు. సేద్యానికి నీటి విద్యుత్ వాహకత మీటరుకు 0.7 డెసీసైమన్ల లోపు ఉంటే ఇబ్బంది లేదు. 3 దాటితే తీవ్ర ఆంక్షలు అవసరం.

అధికారుల పాత్ర

జల, భూమి, వృక్ష పరిరక్షణ చట్టం (వాల్టా), 2002 బావుల నమోదును తప్పనిసరి చేసింది. ప్రజల తాగునీటి వనరుకు 250 మీటర్ల లోపు కొత్త బావి తవ్వకానికి అనుమతి అవసరం. ఈ దూర నియమం బావుల మధ్య పోటీని అదుపు చేయగలదు. తీరంలో ముప్పు కింది నుంచి వస్తుంది గనుక, అనుమతి ఇచ్చే ముందు బావి లోతును, మోటారు సామర్థ్యాన్ని కూడా పరిశీలించడం సముచితం. వానలకు ముందు, తరువాత గ్రామానికి కొన్ని దొరువులలోనైనా ఉప్పు శాతం కొలిచి, ఫలితాలను పంచాయతీ కార్యాలయంలో ప్రదర్శిస్తే ప్రమాదం ముందుగానే తెలుస్తుంది.

మంచినీటి పొరకు పెరటి గోడలు హద్దులు కావు. దానిని ఊరుమ్మడి ఆస్తిగా భావించి పొదుపుగా తోడుకున్న గ్రామాలలోనే రాబోయే తరాలకూ దొరువు నీరు దక్కుతుంది.