జెండా మీద ముఖం సరే... గీసిన చెయ్యి ఏదీ?

2024 ఎన్నికలప్పుడు మా శింగనమలలో ఏ వీధిలోకి పోయినా జెండాలే. నాయకుల ముఖాలున్నవి కొన్ని, అభిమాన హీరోల ముఖాలున్నవి కొన్ని. మా వీధిలో మిషను కుట్టే అక్క వాకిట్లో ఆ గుడ్డలు కుప్పగా పడి ఉన్నాయి. అంచు మడిచి, కర్ర దూర్చేందుకు వీలుగా కుట్టడం ఆమె పని.

"బొమ్మలు ఎవరు ఏసినారక్కా?" అని అడిగాను.

"ఏసేదెవరు తల్లీ! అంతా అచ్చయి వస్తాంది. మాకు అంచు కూలే" అంది.

ఆ మాట నన్ను వదల్లేదు. గుడ్డ మీద ముఖానికి ఇంత గిరాకీ ఉంటే, ముఖం గీసే చేతికి పని ఎందుకు లేకుండా పోయింది?

ఒకప్పుడు సినిమా బ్యానరు అంటే గుడ్డే. ఫొటో మీద గళ్ళు గీసుకుని, వాటిని పెద్దవి చేసి, హీరో ముఖాన్ని కుంచెతో దింపేవాళ్ళు. ఎం.ఎఫ్.హుసేన్ అంతటివాడు బొంబాయిలో సినిమా హోర్డింగులు వేసే పైకొచ్చాడు. ఫ్లెక్సీ వచ్చాక ఆ కుంచెలు మూలబడ్డాయి. అయితే ఒకటి చెప్పుకోవాలి. ఆ నిచ్చెన ఎక్కి బొమ్మ వేసిన ఆడమనిషిని నేనైతే చూడలేదు. అప్పుడూ మనకు దక్కని పనే అది.

జెండాకూ, సినిమాకూ చుట్టరికం పాతదే. 1972లో ఎం.జి.ఆర్. పెట్టిన పార్టీ జెండా మీద అన్నాదురై బొమ్మ ఉంది. 1982లో ఎన్టీఆర్ పెట్టిన తెలుగుదేశం పసుపు జెండా మీద మాత్రం గుడిసె, నాగలి, చక్రం. ఊరూరా కటౌట్లున్న మనిషి జెండా మీద తన ముఖం పెట్టుకోలేదు, పనిముట్లు పెట్టాడు! ముఖాలు తర్వాత అభిమానులు, అచ్చు మిషన్లు కలిసి చేర్చినవే.

జాతీయ జెండా సంగతి వేరు. దాని మీద ఏ రాతలూ రాయకూడదు. 1971 నాటి చట్టం ప్రకారం అది శిక్షపడే నేరం. అభిమానం ఎంతున్నా త్రివర్ణం జోలికి పోకూడదు. కానీ ఆ జెండా గుడ్డ కథ కూడా మన కథే. 2021 డిసెంబరు 30న నియమావళి మార్చి, మిషను మీద తయారైన పాలియెస్టరు జెండాలకూ అనుమతిచ్చారు. 2022లో ఇంటింటా జెండా ఎగిరింది, సంతోషమే. హుబ్లీలో ఖాదీ జెండాలు చేసే సంఘంలో మాత్రం గుబులు పుట్టింది. అక్కడ పనిచేసేవాళ్ళు ఎక్కువమంది ఆడవాళ్ళే మరి.

ఇక దారే లేదా? శ్రీకాళహస్తి చూడండి. కరక్కాయ, పాలు పట్టించిన గుడ్డ మీద వెదురు కలంతో దేవతల ముఖాలు గీసే కలంకారీ అంతరించిపోతున్న దశలో, కమలాదేవి ఛటోపాధ్యాయ చొరవతో 1957లో అక్కడ శిక్షణ కేంద్రం వచ్చింది. ఈ రోజు అక్కడ కలం పట్టిన ఆడవాళ్ళు ఎందరో! మన పక్కనే ధర్మవరం దగ్గర నిమ్మలకుంటలో తోలుబొమ్మల కళాకారులు ఆట తగ్గిపోతే లాంతరు తొడుగులు, గోడబొమ్మలు చేసి నిలబడ్డారు. వారిలో దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. రాముడి ముఖం గీసిన చెయ్యి హీరో ముఖం గీయలేదా?

చేత్తో గీసింది ఖరీదవుతుంది, నిజమే. వేల జెండాలకు అది కుదరదు. కానీ ఊరి సభకు ఒక పెద్ద జెండా, హాలు ముందు ఒక బ్యానరు, పెళ్ళికి ఒక తెర చేత్తో వేయించలేమా? మూలన ఆమె పేరు రాయించలేమా? వాన మొహం చాటేస్తే వేరుశనగ పోయే నేల మనది. చేతిలో ఒక విద్య ఉంటే ఇంట్లో ఒక పూట గడుస్తుంది.

2014, 2019, 2024... వరుసగా మూడుసార్లు శింగనమల ఆడవాళ్ళనే శాసనసభకు పంపింది. ఓటేసి గెలిపించడం మనకు చేతనైంది. ఈసారి జెండాలు వచ్చినప్పుడు అంచు కూలి దగ్గరే ఆగిపోకుండా "బొమ్మ కూడా మాకివ్వండి" అని అడగడం నేర్చుకుందాం.

మా అక్కతో ఈ మాటే అన్నాను. "నేర్పేవాళ్ళుంటే ఏసేస్తా, ఏం!" అంది మిషను ఆపకుండానే.

నేర్పేవాళ్ళు ఏరీ?