సాకెట్టు మార్చిన చాలునా?

ఇంటికి క్రొత్తగా గీజరు వచ్చును. దాని ప్లగ్గు కాళ్లు లావు. గోడలోని 6 ఆంపియర్ల సాకెట్టులో దూరవు. గృహస్థు పనివానిని పిలిపించును. అతడు చిన్న సాకెట్టును విప్పి, అచ్చోటనే 16 ఆంపియర్ల సాకెట్టును బిగించి పోవును. నీళ్లు కాగును, అందరును సంతసింతురు. గోడలోపలి తీగ మాత్రము మునుపటిదే. అనర్థమునకు బీజ మిచ్చటనే పడుచున్నది.

సాకెట్టుపై ముద్రించిన అంకె యొక వాగ్దానము. ఇన్ని ఆంపియర్ల వఱకు నిర్భయముగ తీసికొనవచ్చునని అది మనకు మాట యిచ్చుచున్నది. 230 వోల్టుల వద్ద 6 ఆంపియర్లనగా 1,380 వాట్లు. 2,000 వాట్ల గీజరు సుమారు 8.7 ఆంపియర్లను, 3,000 వాట్లది 13 ఆంపియర్లను లాగును. తీగలో పుట్టు వేడి ప్రవాహముయొక్క వర్గమును బట్టి పెరుగును. 6కు మారుగా 13 ఆంపియర్లు పారినచో ప్రవాహము రెట్టింపునకు కొంచెము మించును. వేడి నాలుగున్నర రెట్లు దాటును. లావుకాళ్ల ప్లగ్గు చిన్న సాకెట్టులో దూరకుండునట్లు ప్రమాణకర్తలు బుద్ధిపూర్వకముగనే కావలి పెట్టిరి. ఆ కావలిని మనమే తొలగించుకొనుచున్నాము.

అంతటితో ఆగినను కొంత మేలే. ఎం.సి.బి. మాటిమాటికి పడిపోవుచున్నదని విసిగి, దానిని గూడ పెద్దదానితో మార్పించువారు కలరు. సేద్య మెఱిగినవారికి దీని ఫలితమును వేఱుగ చెప్ప నక్కఱలేదు. పిల్లకాలువను వెడల్పు చేయక తల వద్ద తూమును పెద్దది చేసినచో గట్టు తెగును. ఇచ్చట తీగపై తొడుగు కరగి యిల్లే అంటుకొనును.

సాకెట్టునకును దానికి కరెంటు తెచ్చు శాఖకును పొత్తు కుదురవలెనని నియమావళులు ఏనాడో గుర్తించినవి. అమెరికా జాతీయ విద్యుత్ నియమావళి ననుసరించి, ఒక శాఖపై సాకెట్టు ఒక్కటియే యున్నచో దాని కొలత శాఖ కొలతకు తగ్గరాదు. పలు సాకెట్లున్న 20 ఆంపియర్ల శాఖపై 15 ఆంపియర్లవి పెట్టవచ్చును. ఏలయన భారము పలుచోట్లకు పంచబడును. పలు సాకెట్లున్న 15 ఆంపియర్ల శాఖపై 20 ఆంపియర్లది మాత్రము కూడదు. తక్కువ వాగ్దానమును సహించిన నియమము, నెరవేర్పలేని వాగ్దానమును సహింపదు.

మన దేశమునను చట్టము మూగవోలేదు. ఇంటి విద్యుత్ ఏర్పాటుయొక్క సామర్థ్యమును మార్చని చిన్న మార్పులు తప్ప, తక్కిన పని యంతయు లైసెన్సు గల కంట్రాక్టరుచేతనే జరుగవలెనని కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ భద్రతా నిబంధనలు శాసించుచున్నవి. 6ను తీసి 16ను పెట్టుట సామర్థ్యమును మార్చుట గాక మఱేమి? అయినను ఈ పని నేడు బల్బు మార్చినంత తేలికగ జరిగిపోవుచున్నది.

కావున గీజరునకును, ఏ.సి.కిని మీటరు పెట్టె యొద్దనుండి 4 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగను ప్రత్యేకముగ లాగించి, దానికి తగిన ఎం.సి.బి.ని, ఎర్తును అమర్పించి, ఆ పిదపనే 16 ఆంపియర్ల సాకెట్టును బిగింపించుకొనవలయును. గీజరు వెలకు వెనుదీయని గృహస్థు తీగ వెలకు వెనుదీయుట గోడలో నిప్పును దాచుకొనుటయే.