అవిసె నూనె: ఆహారమా, ఔషధమా?

దేహానికి అవసరమైన కొవ్వులన్నింటినీ దేహమే తయారుచేసుకోలేదు. ఈ సంగతిని 1929–30లో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో జార్జ్ బర్, మిల్‌డ్రెడ్ బర్ దంపతులు నిరూపించారు. కొవ్వు బొత్తిగా లేని ఆహారం తిన్న ఎలుకల చర్మం పొలుసులు కట్టింది, ఎదుగుదల కుంటుపడింది.

ఆహారం ద్వారానే లభించవలసిన అటువంటి ఆమ్లాలలో ఆల్ఫా లినోలెనిక్ ఆమ్లం ఒకటి. ఒమేగా-3 వర్గానికి చెందిన ఈ ఆమ్లానికి అవిసె గింజలు పెట్టినది పేరు. (ఆకును, పూవును కూర వండుకునే అవిసె చెట్టు వేరు.) గింజ బరువులో సుమారు 40 శాతం నూనె, అందులో సగానికి పైగా ఈ ఆమ్లమే. రోజుకు పురుషులకు 1.6 గ్రాములు, స్త్రీలకు 1.1 గ్రాములు చాలునని అమెరికా నిపుణులు 2002లో సూచించారు. ఒక పెద్ద చెంచాడు అవిసె పొడిలో ఇంచుమించు అంత లభిస్తుంది.

అయితే అవిసె నూనె మాత్రలు చేప నూనెకు సాటి కావు. చేపలలో ఉండే ఇ.పి.ఎ., డి.హెచ్.ఎ. అనే ఆమ్లాలుగా దేహం దీనిని మార్చుకోగలదు గాని, ఆ మార్పు స్వల్పం, డి.హెచ్.ఎ. విషయంలో మరీ అత్యల్పం.

హృద్రోగం మాటేమిటి? గుండెపోటుకు గురైన 4,837 మందిపై నెదర్లాండ్స్‌లో జరిగిన పరిశోధన ఫలితాలు 2010లో వెలువడ్డాయి. దాదాపు 40 నెలలపాటు రోజుకు సుమారు 2 గ్రాముల చొప్పున ఈ ఆమ్లాన్ని కొందరికి అందించినా, గుండె జబ్బు ప్రమాదాలు చెప్పుకోదగినంతగా తగ్గలేదు. వారిలో అత్యధికులు అప్పటికే మందులు వాడుతున్నవారు. కనుక ఈ నూనెను నమ్ముకొని వైద్యుడిచ్చిన మందులు మానివేయడం ప్రాణాలతో చెలగాటమే. రక్తం గడ్డకట్టకుండా మందులు వాడేవారు వైద్యుని సంప్రదించిన తరువాతనే ఈ మాత్రలు తీసుకోవాలి.

గింజలను నమలకుండా మింగితే చాలావరకు జీర్ణం కాకుండానే పోతాయి, పొడి చేసుకోవాలి. చిత్రకారులు ఈ నూనెను రంగులలో కలిపేది గాలి సోకి గట్టిపడుతుందనే. ఆ గుణం వల్లనే అది త్వరగా చెడిపోతుంది, వేపుళ్లకు పనికిరాదు. రంగుల దుకాణాలలో అమ్మే అవిసె నూనెను ఎన్నడూ తినరాదు.

మహారాష్ట్రలో జవస్ చట్నీగా, కర్ణాటకలో అగసె చట్నీ పొడిగా ఈ గింజ రొట్టెకు తోడుగా వస్తున్నదే. అవిసెకు తగిన స్థానం మందుల పెట్టె కాదు, భోజనపు పళ్లెం.