కలోంజీ ఉండనీ, ఇన్‌హేలర్ కూడా ఉండనీ

మా హుజూరాబాద్‌లో వడ్ల కోతలు మొదలైతే దమా ఉన్నోళ్లకు ముసీబత్ మొదలైనట్టే. దుమ్ము లేస్తుంది, ఛాతీలో పిల్లికూతలు వినిపిస్తాయి. వెంటనే ఎవరో ఒక ఖాలా నుస్ఖా చెప్తుంది: "కలోంజీ నూనె తేనెలో కలిపి తాగించు బేటా, ఆ పంపు మానిపించు." మొదటి మాట మీద నాకు తకరారు లేదు. నా భయమంతా రెండో మాట గురించే.

కలోంజీలో షిఫా ఉందన్న హదీస్ మన ఇళ్లలో పిల్లలకూ తెలుసు. సైన్స్ కూడా దాన్ని కొట్టిపారేయలేదు. ఆ గింజల్లో థైమోక్వినోన్ అనే పదార్థం ఉంది. జంతువుల మీద చేసిన ప్రయోగాల్లో అది శ్వాసనాళాల వాపును తగ్గించింది. 2017లో అచ్చయిన ఒక పరిశోధనలో 80 మంది దమా మరీజులను తీసుకుని, సగం మందికి నాలుగు వారాలు కలోంజీ నూనె క్యాప్సూల్స్, మిగతా సగానికి మందు లేని క్యాప్సూల్స్ ఇచ్చారు. నూనె తీసుకున్నవాళ్లకు దమా కొంత అదుపులోకి వచ్చింది. ఊపిరి కొలతల్లో మాత్రం స్పష్టమైన ఫరక్ తేలలేదు. 80 మంది, నాలుగు వారాలు. ఉమ్మీద్ పెట్టుకోవడానికి ఇది చాలు, ఇన్‌హేలర్ పారేయడానికి చాలదు.

దమాలో శ్వాసనాళాల చుట్టూ కండరాలు బిగుసుకుంటాయి, లోపలి పొర వాస్తుంది. ఆ బిగువును నిమిషాల్లో వదిలించేది ఒక ఇన్‌హేలర్, వాపును రోజూ అణచి ఉంచేది ఇంకొకటి. అర్ధరాత్రి దమ్ము ఆడనప్పుడు చెంచాడు నూనె ఆ పని చేయలేదు.

అసలు మొక్కకూ పంపుకూ దుష్మనీ ఏముంది? ఈజిప్టులో ఖెల్లా మొక్క గింజలను తరతరాలుగా దవాగా వాడేవారు. అందులోని రసాయనం ఆధారంగా తయారైన పదార్థాలను, సిరియాలో పుట్టిన డాక్టర్ రోజర్ అల్తూన్యాన్ తన మీదే పరీక్షించుకున్నారు. ఆయన కూడా దమా మరీజే. అలా 1965లో క్రోమోగ్లైకేట్ అనే దవా తేలింది. దాన్ని పీల్చింది ఇన్‌హేలర్‌తోనే.

నేను చూసిన ఇళ్లలో పంపు మానిపించేది చాలాసార్లు సిగ్గే. ఆడపిల్ల చేతిలో అది కనిపిస్తే రిష్తా తప్పిపోతుందని దాచేస్తారు. కలోంజీ అయితే ఎవరూ అడగరు. ఆ పరదాకు ఖరీదు కట్టేది బిడ్డ ఊపిరి.

జబ్బు చేస్తే ఇలాజ్ చేయించుకోమని చెప్పింది కూడా మన ప్రవక్తే (స). కలోంజీ వాడండి, డాక్టర్‌కు చెప్పి వాడండి. ఆయన మానేయమనేదాకా పంపు మాత్రం మానిపించకండి. బడిసంచీలో టిఫిన్ డబ్బా పక్కనే, అందరికీ కనిపించేలా ఉండనివ్వండి.