కడవల లెక్క

గత మాసమున ఊరగాయలను గూర్చి వ్రాయుదుమని మాట యిచ్చియుంటిమి. సోదరీమణులు క్షమింతురు గాక. ఈ మాసము నీటి ముచ్చటయే మా మనస్సు నాక్రమించినది.

మా యింటివారు ఉన్నత పాఠశాలలో తొమ్మిదవ తరగతికి పాఠములు చెప్పుదురు. మాది అనంతపురము జిల్లా. సాలునకు సుమారు 550 మిల్లీమీటర్ల వానతో కాలము గడుపు నేల. నీటి కొఱతను గూర్చి బోధించుచు నొకనాడు వారు, "మీ యింటికి దినమున కెన్ని బిందెలు కావలయును?" అని యడిగిరట. మగపిల్లలలో నొక్కడును చెప్పజాలడయ్యెను. ఆడపిల్లలందఱును చెప్పిరి. వారిలో నొక బాలిక లేచి, "మేమైదుగురము, పద్దెనిమిది బిందెలు సార్. పొద్దున ఆఱు నేనే తెస్తాను" అనెనట.

ఆలస్యముగా వచ్చుచున్నదని నెల దినములుగా మావారు వాకిట నిలువబెట్టుచున్నది ఆ బాలికనే! ఆ రాత్రి వారి కన్నము సహింపలేదు. పరీక్షలు కాగానే దానిని చదువు మాన్పింతుమని తల్లి చెప్పుచున్న సంగతియు అప్పుడే తెలిసినది. ఆ తల్లిని నిందింప మాకు నోరు రాలేదు. కొళాయి నాలుగు దినముల కొకమాఱు వచ్చు వీధిలో ఆమె మాత్ర మేమి చేయగలదు?

"ఆ పాఠము నింటిలెక్కతో మొదలుపెట్టుడు" అని మేము చెప్పితిమి. ఒక చదరపు మీటరు మిద్దెపై ఒక మిల్లీమీటరు వాన పడిన ఒక లీటరు నీరగును. 100 చదరపు మీటర్ల మిద్దెపై సాలెల్ల కురిసినది 55,000 లీటర్లు. 2019లో కేంద్రప్రభుత్వ మారంభించిన జల జీవన్ మిషన్ పల్లెలలో మనిషికి దినమునకు 55 లీటర్లని నిర్ణయించినది. ఐదుగురికి 275. భాగించిన 200 దినములు! వృథాగా పోవు నైదవపాలు తీసివేసినను 160 దినములు. ఇంత నీరు మురుగుకాలువ పాలగుచున్నదా యని పిల్లలు తెల్లబోయిరట.

తండ్రిగారియొద్ద సంస్కృతము చదువుకొన్న మాకు పొరుగున కడప జిల్లాలోని పోరుమామిళ్ల చెఱువు శాసనము మిక్కిలి ప్రియమైనది. బుక్కరాయల కుమారుడు భాస్కరుడు 1369లో వేయించినది. దినమునకు వేయిమంది కూలీలు, నూఱు బండ్లు, రెండేండ్ల పని. చెఱువునకు 12 అంగములును 6 దోషములును అందు చెప్పబడినవి. గట్టు స్రవించుట, చవుడునేల, రెండు రాజ్యముల పొలిమేర (నదీజలముల తగవులు చూచుచున్న మనకు దీనిని వివరింపవలయునా?), నడుమ మెట్ట, నీరు స్వల్పమై భూమి విస్తారమగుట, భూమి స్వల్పమై నీరు విస్తారమగుట. వీనిని తెలుగున వ్రాసి మావారిచేత పంపితిమి. మన యూరి దోష మేదని యడుగగా పిల్లలందఱు నైదవదాని కడ వ్రేలు పెట్టిరట. బోరు వెంట బోరు వేసి యెండిపోయిన పొలములు వారి కండ్లయెదుటనే యున్నవి గదా.

ఉపాయము లేకపోలేదు. 2003 తరువాత కొన్నేండ్లు మా జిల్లాతో కూడ ఏడు కఱవు జిల్లాలలో రైతులు, స్త్రీలును చేరి, తామే వానను కొలిచి, బావులలో నీటిమట్టము చూచి, రబీకి ముందు గ్రామమంతయు కూర్చుండి, ఉన్న నీటి కేపైరు తగునో లెక్క వేసికొనెడివారు. వరి తగ్గించి ఆరుతడి పైరులు వేసిన వారును గలరు. నిర్బంధింప నెవ్వరును లేరు, లెక్క యొక్కటే వారికి దారి చూపినది.

పిల్లలిప్పుడు మా వీధి యిండ్ల లెక్క తీయుచున్నారు. ఆ బాలిక తమ్ముడు ఉదయమున మూడు బిందెలు మోయుచున్నాడు. చదువు మాట తల్లి యింకను తేల్చలేదు. ఆదివారము మేము వెళ్లి మాటలాడి వచ్చితిమి, మరల పోదుము. ఆలస్యమైనను వాకిట నిలువబెట్టుట మాత్రము లేదు.

మా యింటికి లెక్కకు వచ్చినది ఆ బాలికయే. బిందెకు 15 లీటర్ల చొప్పున మా మువ్వురికి 22 బిందెలని తేల్చినది. అనగా మనిషికి 110 లీటర్లు! మావారి స్నానమునకే నాలుగు బిందెలట. వారిప్పుడు రెంటితో సరిపెట్టుకొనుచున్నారు. అంట్లు తోమిన నీటిని మేమును అరటిచెట్టునకు మళ్లించితిమి.

ఊరగాయల సంగతి వచ్చు మాసమున.