ఓడలో మందు లెక్క

ఎండాకాలం వచ్చిందంటే మా తిరుపతిలో వీధికి రెండిళ్లకైనా తాళం పడుతుంది. పెద్దోళ్లంతా అమెరికాలో పిల్లల దగ్గరికి పోతారు. ఒకప్పుడు నయాగరా చూసొచ్చి ఫొటోలు చూపించేవాళ్లు. ఇప్పుడు క్రూయిజ్ మోజు పట్టుకుంది. డాలస్, హ్యూస్టన్‌లలో ఉండే మనోళ్లకు గాల్వెస్టన్ రేవు దగ్గర కాబట్టి, నాలుగు రోజులు సెలవు దొరికితే చాలు, మెక్సికో దాకా ఓడలో వెళ్లొస్తున్నారు. వెళ్లే ముందు నన్ను అడిగేవాటిలో సగం తిండి గురించి, సగం మందు గురించి. తిండి సంగతి ఇంకో వారం చూద్దాం. మందు సంగతి ఈ వారమే తేలుద్దాం. ఇందులో డబ్బూ ఉంది, సంసారాలూ ఉన్నాయి.

మొదటి ముక్క: టికెట్‌లో తిండి ఉంటుంది, మందు ఉండదు. పెద్ద కంపెనీల ఓడల్లో ఊరికే ఇచ్చేవి మంచినీళ్లు, మామూలు కాఫీ, టీ, నిమ్మరసం లాంటివి. కూల్‌డ్రింక్‌కు కూడా డబ్బులే. మామిడిపండు రసంతో కలిపిచ్చే రంగు రంగుల గ్లాసుకూ డబ్బులే. అందులో పడింది మన చిత్తూరు తోతాపురి గుజ్జే అయినా సరే, తగ్గించరు!

ఓడలో నోట్లు చెల్లవు. గది తలుపు తెరిచే కార్డే అన్నిటికీ. కార్డు చూపిస్తే గ్లాసు వస్తుంది. జేబులోంచి ఏమీ పోయినట్టు ఉండదు. చివరి రోజు బిల్లు చూస్తే తెలుస్తుంది ఎంత పోయిందో. పైగా ప్రతి గ్లాసు మీదా 18 నుంచి 20 శాతం దాకా సర్వీసు చార్జీ.

అందుకే చాలామంది ప్యాకేజీ కొంటారు. కంపెనీని బట్టి, ఓడను బట్టి రోజుకు దాదాపు 60 నుంచి 100 డాలర్ల దాకా, ఒక్కోచోట అంతకు మించీ ఉంటుంది. 80 అనుకుందాం. 18 శాతం కలిపితే 94 దాటుతుంది. ఒక్కో కాక్‌టెయిల్ 14 డాలర్లనుకుంటే, చార్జీతో కలిపి పదహారున్నర. అంటే రోజుకు ఆరు గ్లాసులు తాగితేగానీ గిట్టదు. రేవులో దిగి ఊరు చూసొచ్చే రోజు కూడా ఆరు తాగాలి. గిట్టించుకోవాలని తాగేవాడి సంగతేమిటో మీకు వేరే చెప్పక్కర్లేదు. కార్నివాల్ కంపెనీ ప్యాకేజీలో 24 గంటలకు 15 మద్యం గ్లాసులు దాటనివ్వరు. ఆ హద్దు పెట్టాల్సి వచ్చిందంటేనే అర్థం చేసుకోండి.

ఇక అసలు మెలిక. ఒక గదిలో ఒకరు మందు ప్యాకేజీ కొంటే ఆ గదిలో ఉన్న పెద్దోళ్లందరూ కొనాలనే నియమం చాలా ఓడల్లో ఉంది. ఒకడు కొని నలుగురికీ పంచిపెడతాడని వాళ్ల భయం.

ఈ నియమం మా ఇంట్లోనే ముడిపడింది. మా చిన్నాయన మందు మానేసి ఆరేళ్లయింది. కాలేయం దెబ్బతిని ఆస్పత్రిలో పడ్డప్పుడు డాక్టరు ఒకటే మాటన్నాడు: "ఇంకోసారి ముట్టుకుంటే ఇక్కడికి తీసుకురావద్దు." ఆయన కొడుకు ఖర్చు కలిసొస్తుందని నలుగురికీ ఒకే గది తీసుకున్నాడు. తనకు ప్యాకేజీ కొనబోతే నాయనకూ కొనాలన్నారు. మా చిన్నమ్మ నాకు ఫోన్ చేసింది. "ఏమబ్బా, డబ్బు కట్టినాక ఊరికే పోగొట్టుకునే మనిషా మీ చిన్నాయన?" అంది. నాకు నోట మాట రాలేదు.

పరిష్కారం ఉంది. ఆరోగ్య కారణం చెప్పి కంపెనీకి ఫోన్ చేస్తే, మందు లేని ప్యాకేజీతో సరిపెట్టే కంపెనీలున్నాయి. మావాడు అదే చేశాడు. గదిలో సీసాల ఫ్రిజ్ ఉంటే ఖాళీ చేయమని అడగొచ్చు. కార్డు మీద ఖర్చుకు హద్దు పెట్టమనీ అడగొచ్చు. ఇంకోటి, చాలా ఓడల్లో రోజువారీ కార్యక్రమాల కాగితంలో 'ఫ్రెండ్స్ ఆఫ్ బిల్ డబ్ల్యూ' అని ఒక లైను కనబడుతుంది. అది పుట్టినరోజు పార్టీ కాదు. 1935లో అమెరికాలో ఆల్కహాలిక్స్ అనానిమస్‌ను మొదలుపెట్టిన ఇద్దరిలో ఒకరి పేరు బిల్. తాగుడు మానినవాళ్లు కలిసి కూర్చునే గది అది. మా చిన్నాయన రెండు సాయంత్రాలు వెళ్లాడు. ఇంగ్లీషు అంతంత మాత్రం. ఆరు వేళ్లు చూపించాడంట. అందరూ చప్పట్లు కొట్టారంట.

సొంత సీసా సంగతి? మనకు అలిపిరి తెలుసు. కొండెక్కే ముందు సంచులు స్కానర్‌లో పెట్టాల్సిందే, మందూ సిగరెట్టూ పైకి పోవు. ఓడ మెట్ల దగ్గరా అంతే తనిఖీ. తేడా ఏమిటంటే అక్కడ భక్తి, ఇక్కడ బేరం! కార్నివాల్, రాయల్ కరీబియన్‌లలో మనిషికి 750 మిల్లీలీటర్ల వైన్ సీసా ఒకటి, అదీ ఎక్కే రోజు, చేతిసంచిలో తెచ్చుకోవచ్చు. విస్కీ, బ్రాందీ కుదరదు. షాంపూ డబ్బాలో పోసుకుపోయే తెలివి వాళ్లకు ఎప్పుడో తెలుసు. అమెరికా రేవుల నుంచి బయల్దేరే ఓడల్లో 21 ఏళ్లు నిండాలి. మన ఆంధ్రలోనూ అంతే కదా.

దారిలో కొన్న సీసాను ఓడవాళ్లు దాచి చివర్లో ఇస్తారు. గాల్వెస్టన్‌లో దిగాక కస్టమ్స్ కాకుండా టెక్సస్ రాష్ట్ర ఆబ్కారీ బల్ల కూడా ఉంటుంది, అక్కడ పన్ను కట్టాలి. చిత్తూరు వాళ్లకు ఇది కొత్తేమీ కాదు. నరహరిపేట దాటి తమిళనాడుకు, నంగిలి దాటి కర్ణాటకకు పోయి వచ్చే బండ్లను ఆపి వెతకడం చూస్తూనే పెరిగాం.

అంత దూరం ఎందుకంటారా? 2022 జూన్‌లో చెన్నై నుంచి విశాఖకు కార్డీలియా ఓడ మొదలైంది. పుదుచ్చేరిలోనూ ఆగాల్సింది. ఓడలో కేసినో ఉందనే గొడవతో అప్పుడు ఆగనివ్వలేదు. మందు చవగ్గా దొరికే ఊరే ఓడను వద్దంది చూడండి!

మన పక్క జిల్లా నెల్లూరులో దూబగుంట ఆడవాళ్లు 1990ల మొదట్లో సారా మీద తిరగబడితే, ఆ సెగకు 1995లో రాష్ట్రమంతా మద్యనిషేధం వచ్చింది. రెండేళ్లకే సడలిపోయింది. ప్రభుత్వాల నియమాలు అలా వస్తుంటాయి, పోతుంటాయి. ఇంట్లో నియమం మాత్రం మనమే పెట్టుకోవాలి. కాబట్టి టికెట్ కొనే ముందే నలుగురూ కూర్చుని ఎవరు తాగుతారు, ఎవరు తాగకూడదు అని తేల్చుకోండి. ఆ తర్వాతే గదులు ఎన్ని కావాలో చూసుకోండి. ఒక గది ఎక్కువైనా పర్వాలేదు. ఆస్పత్రి బిల్లు కంటే అది చవకే.