ఒకటిన్నర సెకనుకు లక్ష డాలర్లా?

గ్రూప్ డిస్కషన్‌లో ఈ టాపిక్ ఇచ్చారనుకోండి: ‘స్పోర్ట్స్ కార్లలో హై పెర్ఫార్మెన్స్ మోడళ్లకు అంత ధర సమంజసమేనా?’ సగం మంది ‘అదంతా డబ్బున్నవాళ్ల షోకు’ అని తేల్చేస్తారు. మిగతా సగం ‘బ్రాండ్ వ్యాల్యూ’ అంటారు. రెండూ గాలి మాటలే. లెక్క వేసి మాట్లాడేవారు ఒక్కరున్నా ప్యానెల్ పెన్ను వాళ్ల పేరు దగ్గరే ఆగుతుంది. ఆ ఒక్కరు మీరే కావొచ్చు, రండి లెక్క వేద్దాం.

పోర్షే 911 తీసుకుందాం. మన దేశంలో ఇలాంటి కార్ల ధరలో దిగుమతి సుంకం పెద్ద వాటా తినేస్తుంది, దాంతో ఇంజినీరింగ్ విలువ ఎంతో తేలదు. అందుకే 2021 నాటి అమెరికా ధరలు చూద్దాం. మామూలు 911 కరేరా సుమారు లక్ష డాలర్లు. అదే ఆకారంలో ఉండే 911 టర్బో ఎస్ రెండు లక్షల పైమాటే. కరేరా 385 పీఎస్, టర్బో ఎస్ 650 పీఎస్. నిలబడ్డ చోటు నుంచి గంటకు 100 కిలోమీటర్ల వేగం అందుకోవడానికి మొదటిది 4.2 సెకన్లు తీసుకుంటే, రెండోది 2.7 సెకన్లు. అంటే ఒకటిన్నర సెకను కోసం లక్ష డాలర్లు! ఇంతవరకే చూస్తే ‘దోపిడీ’ అనేస్తారు ఎవరైనా.

కానీ మెకానికల్ వాళ్లు ఇక్కడ కాస్త ఆగాలి. కరేరా గరిష్ఠ వేగం గంటకు 293 కిలోమీటర్లు, టర్బో ఎస్‌ది 330. తేడా 13 శాతం లోపే. గాలి వేసే అడ్డు వేగం వర్గానికి తగ్గట్టు పెరుగుతుంది, దాన్ని దాటడానికి కావాల్సిన శక్తి వేగం ఘనానికి తగ్గట్టు పెరుగుతుంది. 330ని 293తో భాగించి ఘనం చేయండి. 1.43 వస్తుంది. అంటే 13 శాతం వేగానికి గాలి ఒక్కటే 43 శాతం అదనపు శక్తి అడుగుతోంది. పైగా టర్బో ఎస్ బరువు ఎక్కువ, నాలుగు చక్రాలకూ శక్తి పంపాలి, వెడల్పాటి టైర్లు మోయాలి.

ఇంజిన్ పెద్దది చేసి ఊరుకుంటే సరిపోతుందా? సరిపోదు. ఎక్కువ శక్తి అంటే ఎక్కువ వేడి, కాబట్టి కూలింగ్ మారాలి. గేర్‌బాక్స్ ఆ టార్క్‌ని తట్టుకోవాలి. అంత వేగం నుంచి బండిని ఆపాలంటే బ్రేకులు మారాలి. ఇందులో వాడే కార్బన్ సిరామిక్ డిస్కులు మామూలు ఇనుప డిస్కుల బరువులో దాదాపు సగమే ఉంటాయి, వేడిని బాగా తట్టుకుంటాయి, ధర మాత్రం వాచిపోతుంది. ఒక్కటి మారిస్తే పది మారతాయి. ఆ పదింటినీ డిజైన్ చేసి, ఎండలో, మంచులో, ట్రాక్ మీద పరీక్షించిన ఖర్చంతా తక్కువ సంఖ్యలో అమ్ముడయ్యే కార్ల మీదే పడుతుంది. ఎంసెట్ రాసినవాళ్లకు ఇది వేరే చెప్పక్కర్లేదు. ర్యాంకు 50 వేల నుంచి 40 వేలకు రావడం ఒక ఎత్తు, 500 నుంచి 100కి రావడం ఇంకో ఎత్తు.

అసలు సెకన్లతో ధరను తూచడమే పొరపాటు. అదే తరం 911 జీటీ3ని చూడండి. ధర 1,61,100 డాలర్ల నుంచి మొదలు. టర్బో లేదు, 510 పీఎస్, వందకు 3.4 సెకన్లు. కాగితం మీద టర్బో ఎస్ ముందు చిన్నబోతుంది. అయినా జర్మనీలో నూర్‌బర్గ్‌రింగ్ ట్రాక్ పూర్తి 20.8 కిలోమీటర్ల చుట్టును ఏడు నిమిషాలలోపే తిరిగేసింది. 9,000 ఆర్‌పీఎం దాకా తిరిగే ఇంజిన్, రేసింగ్ కారు నుంచి తెచ్చిన ముందు సస్పెన్షన్. దాని విలువంతా మలుపుల్లోనే.

అలాగని ధర ఎప్పుడూ ఖర్చును బట్టే ఉంటుందని చెబితే నేను అబద్ధం చెప్పినట్టే. నిస్సాన్ జీటీ-ఆర్ 2008లో అమెరికాకు వచ్చినప్పుడు ధర 69,850 డాలర్లు. 480 హార్స్‌పవర్‌తో తనకంటే ఎన్నో వేల డాలర్లు ఎక్కువ ఉన్న కార్లకు చెమటలు పట్టించింది. దాని ఇంజిన్లను యోకోహామాలో ‘తకుమి’ అనే కొద్దిమంది నిపుణులు చేత్తో బిగించేవారు. 2025లో ఉత్పత్తి ఆగిపోయేనాటికి దాదాపు అదే బాడీతో ధర 1,20,000 డాలర్లు దాటేసింది. మధ్యలో శక్తి పెరిగింది, మెరుగులు దిద్దారు, డాలరు విలువా తగ్గింది, నిజమే. కానీ కొనేవాడు ఎంత దాకా ఇస్తాడన్నది కూడా ఆ ట్యాగ్ మీద అంకెను రాస్తుంది. ఎంబీఏ వాళ్లు మాట అందుకోవాల్సిన చోటు ఇది.

నా మాట అడిగితే, లోపలి పని మారిన చోట ఆ ధర న్యాయమే. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు మీద గరిష్ఠ పరిమితి 120 అయినప్పుడు 330 వెళ్లే కారు ఎవరికి అవసరమన్నది వేరే ప్రశ్న. అది కొనేవాడి జేబుకు, బుద్ధికి సంబంధించింది. న్యాయం కానిది పేరు మాత్రమే మారిన చోట. యూరప్‌లో అమ్మిన హ్యుందాయ్ ఐ20 ఎన్ 204 పీఎస్ కారు. 2021లో మనకు వచ్చింది ఐ20 ఎన్ లైన్. పక్కన ‘లైన్’ అనే చిన్న మాట చేరింది, ఇంజిన్ మాత్రం మామూలు ఐ20 టర్బోలోని 120 పీఎస్‌దే. సస్పెన్షన్ గట్టి చేశారు, సైలెన్సర్ శబ్దం మార్చారు, వెనక కూడా డిస్క్ బ్రేకులిచ్చారు, కాబట్టి పూర్తిగా స్టిక్కర్ బండి అనలేం. కానీ ‘ఎన్’ అనుకుని కొంటే మోసపోయేది మీరే. ఎం స్పోర్ట్, ఏఎంజీ లైన్ లాంటి పేర్లు ఎక్కువగా రూపురేఖల ప్యాకేజీలే, అసలు ఎం, ఏఎంజీ కార్లు కావు.

ఇదంతా మీకెందుకంటే రెండు కారణాలు. ఆఫర్ లెటర్ చేతికొచ్చిన నెలకే ‘స్పోర్టీ’ వేరియంట్‌కి ఐదేళ్ల ఈఎంఐ కట్టడానికి సిద్ధమయ్యేవాళ్లు ప్రతి బ్యాచ్‌లోనూ ఉంటారు. రెండోది ముఖ్యం. ఆ అదనపు ధర ఎక్కడికి పోతోందో అక్కడే ఉద్యోగాలున్నాయి: బ్రేక్ సాఫ్ట్‌వేర్, థర్మల్ సిమ్యులేషన్, గేర్‌బాక్స్ కాలిబ్రేషన్, మెటీరియల్స్. బీఎండబ్ల్యూ ఎం3 కాంపిటీషన్‌లోని 8 స్పీడ్ ఆటోమేటిక్ గేర్‌బాక్స్ చేసేది జడ్‌ఎఫ్. ఆ కంపెనీ టెక్నాలజీ సెంటర్ హైదరాబాద్‌లోనే ఉంది, హ్యుందాయ్ ఇంజినీరింగ్ సెంటర్ కూడా. సుప్రా, ఫార్ములా భారత్ లాంటి పోటీల్లో కాలేజీ టీములు కారును పరుగెత్తించడంతో సరిపెట్టుకోలేవు, దేనికెంత ఖర్చయిందో జడ్జిల ముందు కూర్చుని లెక్క అప్పజెప్పాలి.

టీములో చోటు దొరకకపోయినా ఫర్వాలేదు. ఈ ఆదివారం ఏదైనా ఒక కారువి రెండు వేరియంట్ల బ్రోషర్లు డౌన్‌లోడ్ చేసుకోండి. మారిన భాగాలు ఒక వరుసలో, ఎందుకు మార్చారో పక్క వరుసలో, ధర తేడా కింద రాయండి. ఆ పట్టికలో బ్యాడ్జ్, ఎర్ర దారం కుట్టు, నల్ల అద్దాలు తప్ప ఇంకేం కనిపించకపోతే షోరూమ్‌లో మాట్లాడాల్సింది డిస్కౌంట్ గురించే.